ఆశునృత్యానికి ఏ పక్కవాద్యం? సరిహద్దు ఊళ్లలో ఎంపిక చేసుకునేవారి కోసం

ఆంధ్ర సరిహద్దు దగ్గర, ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో పదిమంది నాట్యకారులు ఆదివారం సాయంత్రం ఒకచోట చేరతారు. ముందుగా కూర్చిన అంశం ఉండదు, వరుస ఉండదు. ఒంట్లో అప్పటికప్పుడు పుట్టిన కదలికను పట్టుకుని ఆడాలి. సంగీతం మాత్రం ఫోనులోంచి వద్దు, ఎదురుగా కూర్చుని వాయించే మనిషి కావాలి. అలాంటప్పుడు ఎవరిని పిలవాలి? మృదంగమా, వయొలినా, వేణువా, డప్పా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రాంతంలో నాట్యానికి మృదంగం వాయిస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్న నా దాకా తరచుగా వస్తుంది. ఫోనులో రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆశుకవిత్వం మనకు తెలిసిన మాటే. అదే దారిలో దీన్ని ఆశునృత్యం అంటున్నాను. పాశ్చాత్య దేశాల్లో దీనికి రకరకాల రూపాలు ఉన్నాయి. 1972లో అమెరికాలో స్టీవ్ పాక్స్టన్ అనే నర్తకుడు మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఇద్దరు మనుషులు ఒకరి బరువు ఒకరి మీద మోపి, ఆ ఆనికలోంచే తర్వాతి కదలికను వెతుక్కుంటారు. దాన్ని చాలాసార్లు ఏ సంగీతమూ లేకుండా ఆడతారు. మన దగ్గర అభినయంలో సంచారి ఉంది. ఒకే పాదాన్ని గాయని మళ్లీ మళ్లీ పాడుతుంటే నర్తకి ప్రతిసారీ కొత్త భావం చూపిస్తుంది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఈ కూడికలకు వచ్చేవారిలో ఒడిస్సీ నేర్చినవారు, కూచిపూడి నేర్చినవారు, సినిమా పాటలకు ఆడి పెరిగినవారు, గిరిజనుల గుంపు నృత్యమైన థింసా ఆడే ఊళ్ల నుంచి వచ్చినవారు కలిసే ఉంటారు. అందుకే వాద్యం ఎంపిక ఇక్కడ కొంచెం కష్టం, చాలా ఆసక్తికరం కూడా.

ఎంపికకు నేను వాడే కొలత ఒకటే: ఆ వాద్యం, ఆ మనిషి ఎంత శుభ్రంగా ఆగగలరు? ఎంత బాగా వాయిస్తారన్నది ఆ తర్వాతి మాట. ఇది నాకు ఒక వానాకాలం సాయంత్రం తెలిసింది. ఆడుతున్న ఒక అమ్మాయి ఉన్నట్టుండి కళ్లు మూసుకుని నిలబడిపోయింది. నా చేతులు అప్పటికే ముక్తాయింపు, అంటే ముగింపు జతుల దారి పట్టాయి. మూడుసార్లు తిప్పి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద దించి, చక్కగా వచ్చిందని సంతోషించాను. తర్వాత ఆమె నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అంది: "మాస్టారూ, నేను ఆగినప్పుడు మీరూ ఆగి ఉంటే తర్వాతి అడుగు ఎటు వేయాలో నాకు తెలిసేది. మీరు ముగింపు వైపు వెళ్తుంటే నేను దాని వెనక పరుగెత్తాల్సి వచ్చింది." ఆవర్తనాన్ని, అంటే తాళం ఒక చుట్టును, సగంలో వదలడం మా చదువులో తప్పు. ఆశునృత్యంలో అది మొదటి అర్హత. ఆ రోజు నుంచి ప్రతి వాద్యాన్నీ ఈ చెవితోనే వింటున్నాను.

ముందు ఎవరు నడుస్తారు?

వాద్యం పేరు ఎత్తకముందే ఈ సంగతి తేల్చుకోండి. సంగీతం ముందు నడవవచ్చు, నాట్యం ముందు నడవవచ్చు, రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా పక్కపక్కన సాగవచ్చు.

సంగీతం ముందు నడిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్రకు వెళ్లండి. పులివేషం కట్టిన మనిషి ముందు ఢోలు దరువు మారితే పులి నడక మారుతుంది, దరువు ఎగిస్తే పులి ఎగురుతుంది. అక్కడ ఆడేవాడు ఆలోచించడు, దరువు అతన్ని మోస్తుంది. మొదటిసారి వచ్చి సిగ్గుతో గోడకు ఆనుకుని నిలబడేవారికి ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది. ఎటొచ్చీ గంట గడిచాక అందరూ ఒకేలా ఆడుతుంటారు.

నాట్యం ముందు నడిచే పద్ధతికి మన సొంత నమూనా హరికథ. విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు ఆ కళను ఎంత ఎత్తుకు తీసుకువెళ్లారో ఉత్తరాంధ్రలో, ఇటు మన జిల్లాల్లో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. హరిదాసు కాలికి గజ్జె, చేతిలో చిరుతలు. పాడుతూ అడుగు వేస్తాడు, చరణం మధ్యలో ఆగి పిట్టకథ ఎత్తుకుంటాడు, నవ్విస్తాడు, మళ్లీ అదే చరణంలోకి దూకుతాడు. పక్కనున్న మృదంగం, వయొలిన్ అంతసేపూ చేతులు సిద్ధంగా పెట్టుకుని ఆయన ముఖం చూస్తూ ఉండాలి. కాబట్టి మన వైపు ఆశునృత్యానికి మృదంగం మనిషిని వెతికేటప్పుడు కచేరీల్లో పేరున్నవారికన్నా ముందు హరికథలకు వాయించిన పెద్దాయన ఎవరైనా ఉన్నారా అని విచారించండి. ఇంతకన్నా విలువైన సలహా ఈ వ్యాసంలో ఇంకొకటి లేదు.

మూడో పద్ధతి అమెరికా నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్, స్వరకర్త జాన్ కేజ్‌లది. నాట్యాన్నీ సంగీతాన్నీ విడివిడిగా తయారు చేసుకుని వేదిక మీదే కలిపేవారు. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే చోట ఉంటారు, అంతే. కూడికలో పది నిమిషాలు ఇలా ప్రయత్నిస్తే చెవికీ కాలికీ మధ్య ఉన్న పాత ముడి కాస్త వదులవుతుంది. సాయంత్రమంతా ఇలాగే సాగితే మాత్రం వాయించేవారు తమను ఎవరూ వినడం లేదని నొచ్చుకుంటారు.

నా ఓటు రెండో పద్ధతికి. ఇక్కడినుంచి చెప్పేదంతా నాట్యం ముందు నడుస్తుందన్న లెక్కలోనే.

తాళవాద్యాలు

మృదంగం సంగతి నాకు బాగా తెలుసు కనుక దాని లోపాలతో మొదలుపెడతాను. ఎడమ మూతికి రవ్వ ముద్ద తడిపి అంటించాలి, అది ఆరేకొద్దీ నాదం మారుతుంది, మధ్యలో మళ్లీ తడి చేసుకోవాలి. వాన పట్టిన రోజున చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది. కూడిక ఆరింటికైతే అయిదుకే వచ్చి మూత తీసి ఆ గది గాలికి అలవాటు చేయాలి. ఇవన్నీ భరించి కూడా మృదంగాన్నే ఎందుకు పిలవాలంటే, అది వేలికొనతో గుసగుసలాడగలదు, అరచేయి ఆనిస్తే ఆ క్షణమే ఆగుతుంది. ఎడమ చేతి గుంకీ అనే జారుడు నాదం నర్తకి మోకాలు వంగే తీరును అచ్చంగా పలుకుతుంది. మృదంగంలో ఉన్న ప్రమాదం వాద్యానిది కాదు, వాయించే మనిషి చదువుది. తిశ్రం, ఖండం, మిశ్రం అంటూ లెక్క తిరుగుతున్న బుర్రకు ఎదుటి మనిషి ఊపిరి వినిపించదు.

మర్దల అనే ఒడియా మద్దెల ఒడిస్సీ ప్రాణం. భువనేశ్వర్ వైపు చదువుకుని వచ్చిన యువ వాదకులు ఇప్పుడు బరంపురంలోనూ దొరుకుతారు. ధ్వని గుండ్రంగా, వెచ్చగా ఉంటుంది. అయితే ఒక చిక్కు గమనించాను. ఒడిస్సీ నేర్చుకున్న అమ్మాయిలకు మర్దల వినిపిస్తే చాలు, కాళ్లు వాటంతట అవే చౌక అనే చదరపు నిలకడలోకి, నడుము మూడు వంపుల త్రిభంగిలోకి వెళ్లిపోతాయి. మృదంగం విన్న కూచిపూడి పిల్లలు ఇదే విధంగా నేర్చిన అడుగుల వరుసల్లోకి జారుకుంటారు. ఏళ్ల తరబడి సాధన చేసిన ఒంటికి ఆ నాదమే ఆజ్ఞ. అందుకని తిరగేసి పిలవమంటాను: ఒడిస్సీ వారు ఎక్కువగా ఉన్న కూడికకు మృదంగం, కూచిపూడి వారు ఎక్కువగా ఉన్నదానికి మర్దల. పర్లాకిమిడిలో ఇలా చేసి చూశాం. తెలియని నాదం ముందు తెలిసిన అడుగు తడబడుతుంది, ఆ తడబాటులోంచే కొత్త కదలిక వస్తుంది.

డప్పు ఆరుబయటి వాద్యం. మంట దగ్గర కాచి బిగువు తెచ్చుకుంటే కుడిచేతి చిర్ర, ఎడమచేతి సన్న పుల్ల కలిసి ఊరి చివర దాకా వినిపిస్తాయి. కూర్చుని వాయించే పక్కవాద్యాలకు లేని గుణం దీనికి ఉంది. వాయించే మనిషి నిలబడి ఉంటాడు, కాలు కదుపుతాడు, ఆడేవారి మధ్యకు నడిచి రాగలడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు తప్పెటగుళ్ల వారు రేకు తప్పెటను గుండెకు కట్టుకుని వాయిస్తూనే ఆడతారు. అక్కడ ఆడేదీ వాయించేదీ ఒకే ఒళ్లు కాబట్టి పక్కవాద్యం అన్న మాటకే తావు లేదు. మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుకలోనో, బడి మైదానంలోనో కూడిక పెట్టుకుంటే డప్పుకు సాటి లేదు. సిమెంటు గోడల కల్యాణమండపంలోకి మాత్రం తేవద్దు. ఒక దెబ్బ గోడకు తగిలి తిరిగి వచ్చేలోపు ఇంకో దెబ్బ పడి అంతా ఒకే హోరు అవుతుంది. ఆ హోరులో ఆగడం అన్నదే వినిపించదు.

ఢోలు, మహురి జోడీ గంజాం జాతరల గుండెచప్పుడు. సన్నాయికి బంధువైన ఆ మహురి మోగితే ఒళ్లు పులకరిస్తుంది. సంగీతం ముందు నడిచే సాయంత్రం కోసం దాన్ని దాచుకోండి. థింసాకు వాయించే మోరి అనే ఊదే వాద్యం, కిరిడి, తుడుము అనే డోళ్ల విషయంలో ఇంకో మాట చెప్పాలి. కోరాపుట్, రాయగడ కొండల్లో ఆ వాద్యాలు ఆ నృత్యంతోపాటు పుట్టాయి. వాటిని పిలవాలనుకుంటే వాద్యాన్ని తెప్పించి ఎవరితోనో వాయింపించకండి. వాయించేవారిని పిలవండి, పట్నం కళాకారుడికి ఇచ్చే పారితోషికమే ఇవ్వండి, వారి పద్ధతిలో ఒక సాయంత్రం మీరు ఆడండి.

స్వరవాద్యాలు, గొంతు

ఇక్కడ పెద్ద ఇబ్బంది రాగం. రాగం వినగానే రసం వచ్చేస్తుంది. వయొలిన్ మీద ముఖారి రెండు పట్టులు పడితే నవ్వుతూ వచ్చిన మనిషి కూడా దిగులు ముఖంతో ఆడుతుంది. ఆమెకు ఆ రోజు దిగులు లేకపోవచ్చు, వాయించినాయన తెచ్చి పెట్టాడు. అవధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు రెండు రకాలుగా కవిని బంధిస్తారు. సమస్య ఇచ్చేవాడు ఒక పాదం ఇచ్చి మిగతాది కవికి వదిలేస్తాడు, నిషిద్ధాక్షరి అడిగేవాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. నిండు ఆలాపన రెండో మనిషి లాంటిది. పక్కవాద్యం సమస్య ఇచ్చేవాడిలా ఉండాలి. అందుకే స్వరవాద్యం వాయించేవారితో ముందే మాట్లాడుకోండి: మొదటి పావుగంట షడ్జం (స), పంచమం (ప), వాటి మధ్య ఒకటి రెండు స్వరాలు చాలు. ఆడేవారి ముఖంలో ఏదైనా భావం కనిపిస్తే దాన్ని పట్టుకుని పెంచవచ్చు, ముందుగా మాత్రం పెట్టవద్దు.

ఈ షరతు ఒప్పుకునే వయొలిన్ విద్వాంసులు దొరికితే ఇంక వెతకనక్కరలేదు. కమాను ఎంత సన్నగానైనా సాగుతుంది, స్వరం నుంచి స్వరానికి జారుతుంది, తీగను వేలితో మీటవచ్చు, కమాను తీగకు తగిలీ తగలని గాలి చప్పుడు కూడా నాట్యానికి పనికొస్తుంది. కమాను ఎత్తితే నిశ్శబ్దమే.

వేణువుకు ఊపిరి హద్దు. వాయించే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగక తప్పదు, ఆడేవారికీ ఆగక తప్పదు. ఆ ఇద్దరి ఊపిరి ఒక్కోసారి కలుస్తుంది, అది చూసి తీరాల్సిన క్షణం. ఒక మనిషి ఒంటరిగా ఆడేటప్పుడు వేణువును మించింది లేదు. ఎనిమిది తొమ్మిది మంది కాళ్లు నేల మీద ధనధనలాడుతుంటే మాత్రం మైకు లేకుండా వినపడదు.

వీణను ఎవరూ అడగరు, నేను అడగమంటాను. బొబ్బిలి మనకు దూరం కాదు. పనస కర్రతో వీణలు చేసే పనివారు ఆ దగ్గరే గొల్లపల్లిలో ఉన్నారు, ఇటు వైపు ఇళ్లలో చిన్నప్పుడు నేర్చుకుని ఆపేసిన వీణలూ చాలా ఉన్నాయి. మీటిన స్వరం దానంతట అదే కరిగిపోతుంది. తర్వాతి మీటు దాకా ఉన్న ఆ ఖాళీ ఆడేవారిది. ఎవరూ ఆపనవసరం లేకుండానే ఆగే వాద్యం అది. పెద్ద వాద్యం కనుక బస్సుల్లో తిప్పడం కష్టం, వీణ ఉన్న ఇంటికే మీరు వెళ్లడం మేలు. అయిదుగురికి మించని కూడికలకు ఇదే నా మొదటి ఎంపిక.

హార్మోనియం గురించి మనసు కష్టపెట్టుకుంటూనే చెబుతున్నాను, ఎందుకంటే పద్యనాటకాల ఊళ్లలో పెరిగిన మాకు ఆ పెట్టె అంటే ప్రాణం. ఆశునృత్యానికి అది అంతగా నప్పదు. మెట్టు నుంచి మెట్టుకు జారడం దానికి రాదు, వాయించేవారికేమో పద్యం ఎత్తుగడలు చేతుల్లో ఊరి ఉంటాయి. శ్రుతి కోసం ఒకే మెట్టు నొక్కి పట్టి, తిత్తిని నెమ్మదిగా ఊదుతూ ఉంచితే బాగుంటుంది. ఉత్తర భారతంలో కథక్‌కు హార్మోనియం మీద నగ్మా తిప్పుతారు, పదహారు మాత్రల తీన్‌తాళంలో ఒకే వరుస మళ్లీ మళ్లీ వస్తూ కాలం నిలబెడుతుంది. నాట్యకారులకు లెక్కతో ఆడుకోవాలని ఉన్న రోజు ఆ పద్ధతి అక్కరకొస్తుంది.

గొంతు విషయంలో ఒకటే హెచ్చరిక: మాటలు వద్దు. "కృష్ణా" అన్న ఒక్క పిలుపు వినపడితే చేతులు వేణువు పట్టే ముద్రలోకి వెళ్తాయి. 'ఆ' అంటూ ఆలపించే మనిషి, లేదా జోలపాటలా ఊఁకొట్టే ఇంటి పెద్దావిడ ఎవరైనా ఉంటే అదృష్టం. పైగా మన కూడికల్లో తెలుగు, ఒడియా రెండూ మాట్లాడేవారు ఉంటారు. మాట లేని గొంతు అందరిదీ అవుతుంది.

ఫోనులో తంబురా శ్రుతి పెట్టుకోవచ్చు, దానితో తగువు లేదు. రికార్డు చేసిన దరువు, తిరిగి తిరిగి వచ్చే కీబోర్డు లయ ఒంటరి సాధనకు సరిపోతాయి. మనుషులు కూడినచోట అవి చూడలేవు కనుక వద్దు.

ఎందరు, ఎక్కడ

ఒక్కరు చాలు. ఇద్దరైతే ఒక తాళవాద్యం, ఒక స్వరవాద్యం ఉండనివ్వండి, ఒకేసారి ఇద్దరూ వాయించే సమయం సగానికి మించకుండా ముందే ఒప్పందం చేసుకోండి. ముగ్గురైతే వారిలో వారికి కచేరీ మొదలవుతుంది, నాట్యం దానికి అలంకారమైపోతుంది. గజ్జెలు కట్టుకోవాలా వద్దా అన్నది కూడా వాద్యం లెక్కలోకే వస్తుంది. పదిమంది గజ్జెలు కడితే మీ దగ్గర పదకొండు వాద్యాలు ఉన్నట్టు, పదకొండోది ఎవరికీ వినపడదు. విప్పేయమంటాను.

కూర్చునే చోటు మరవకండి. వేదిక మీద ఎత్తులో కూర్చోబెడితే వాయించేవారు పెద్దరికంలోకి వెళ్తారు. నేల మీద, ఆడేవారి పాదాలు కంటికి అందే చోట చాప వేయండి. వెలుతురు వారి ముఖాల మీదా ఉండాలి, ఎందుకంటే ఆడేవారు కూడా వారిని చూడాలి.

దూరం కూడా ఆలోచించాల్సిందే. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే పాసింజరు రైలులో మృదంగం ఒళ్లో పెట్టుకుని ఎన్నోసార్లు ప్రయాణం చేశాను. రాత్రి తిరుగు బండి ఉంటుందని అనుకోలేం. పిలిచినవారు పడకకు చోటు, ఉదయానికి టీ చూడగలిగితేనే పొరుగూరి మనిషిని పిలవండి. లేదంటే పాతపట్నం నుంచి వచ్చే వేణువు కుర్రవాడు, మీ వీధిలోని వీణ అమ్మగారు దూరపు విద్వాంసుడికన్నా మేలు. ప్రతి వారం అదే మనిషి రావడం వల్ల కలిగే లాభం చాలా పెద్దది. నాలుగో వారానికి ఎవరి మోకాలు నొప్పో, ఎవరు దుఃఖంలో ఉన్నారో, ఎవరు ఎగరబోయే ముందు ఊపిరి బిగబడతారో ఆయనకు తెలిసిపోతుంది.

ఇంత చదివాక కూడా ఇద్దరు ముగ్గురి మధ్య తేల్చుకోలేకపోతే ఒక పరీక్ష పెట్టండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, మీలో ఒకరు ఆడుతుండగా పది నిమిషాలు వాయించమనండి. అయిదో నిమిషంలో, ముందుగా ఏమీ చెప్పకుండా, ఆడుతున్న మనిషి నేల మీద కూర్చుండిపోవాలి. కూర్చుని కదలకూడదు. కొందరు ఆవర్తనం పూర్తి చేసి ఆగుతారు. కొందరు ఉత్సాహపరచాలని వేగం పెంచుతారు. కొందరు ఏమైందోనని మీ వైపు చూస్తారు. ఎవరో ఒకరు చేతిని చర్మం మీదే ఆనించి, లేదా కమానును తీగ మీదే నిలిపి, కూర్చున్న మనిషిని చూస్తూ ఆమెతోపాటు ఊరుకుంటారు. వచ్చే ఆదివారానికి ఆయనను పిలవండి.